పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్ మీద మందుల పరీక్ష: ఎంఐసీ, ఎంబీసీ పద్ధతి మొదటి నుంచి చివరిదాకా

చిగుళ్లు వాచడం, పళ్లు తోముకుంటే రక్తం రావడం, చివరికి పంటి చుట్టూ ఎముక కరిగి పళ్లు కదలడం: ఇళ్లలో పయోరియా అనే ఈ జబ్బుకు ఒక్క సూక్ష్మజీవి కారణం కాదు, ఒక గుంపు కారణం. ఆ గుంపులో పరిశోధకులు ఎక్కువగా పట్టుకున్నది పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్. 1998లో సోక్రాన్‌స్కీ బృందం ‘రెడ్ కాంప్లెక్స్’ అని పేరు పెట్టిన మూడింటిలో ఇదొకటి. ఇప్పటి పేర్ల ప్రకారం మిగతా రెండూ టానరెల్లా ఫోర్సైథియా, ట్రెపోనీమా డెంటికోలా.

వేపాకు, లవంగ నూనె, దానిమ్మ తొక్క, కొత్తగా తయారుచేసిన జెల్, ఏదైనా సరే, దీని మీద పనిచేస్తుందో లేదో చూడాలనుకున్న విద్యార్థి చేయి ముందు వెల్ డిఫ్యూజన్ మీదికే వెళ్తుంది. అగర్‌లో గుంట తీసి, సారం పోసి, చుట్టూ ఏర్పడ్డ ఖాళీ వలయాన్ని స్కేలుతో కొలుస్తారు. థీసిస్‌కు పట్టిక తయారవుతుంది కానీ, మందు ఎంత బలమైనదో ఆ మిల్లీమీటర్లు చెప్పవు. మౌత్‌వాష్‌లలో వాడే క్రిమినాశిని క్లోర్‌హెక్సిడిన్‌కు ధనావేశం ఉంటుంది, అది అగర్‌కు అంటుకుని దూరం పాకలేదు. లవంగ నూనె నీటిలో కలవదు కాబట్టి గుంట దాటి సరిగా వ్యాపించదు. పైగా ఈ బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది. పొర కట్టేలోపు మందుకు పాకడానికి బోలెడు సమయం దొరుకుతుంది కాబట్టి వలయం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. రెండు వేర్వేరు పదార్థాల వలయాలను పక్కపక్కన పెట్టి ‘ఇది దానికంటే మెరుగు’ అని రాయడం తప్పు. ఏ గాఢతలో పెరుగుదల ఆగింది, ఏ గాఢతలో కణాలు చచ్చాయి అనేవే అడగాల్సిన ప్రశ్నలు. మొదటిదాని జవాబు కనిష్ఠ నిరోధక గాఢత, అంటే ఎంఐసీ. రెండోదాని జవాబు కనిష్ఠ సంహారక గాఢత, అంటే ఎంబీసీ.

జింజివాలిస్ లాగా ఆక్సిజన్ ఉంటే పెరగని బ్యాక్టీరియాకు సీఎల్‌ఎస్‌ఐ (ల్యాబ్ ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ) ప్రామాణిక పద్ధతి అగర్ డైల్యూషన్, అంటే మందును అగర్‌లోనే కలిపి పోయడం. అందులో ఒక్కో గాఢతకు ఒక్కో ప్లేటు పోయాలి. పదుల కొద్దీ స్ట్రెయిన్లు ఉన్నప్పుడు అదే లాభం. ఒకటి రెండు స్ట్రెయిన్ల మీద నాలుగైదు పదార్థాలు చూడాలంటే 96 వెల్‌ల (చిన్న గుంటల) ప్లేటులో బ్రాత్ మైక్రోడైల్యూషన్, అంటే ద్రవ మీడియాలో మందును మెట్లు మెట్లుగా పలచన చేయడం, సులువు. ఇక్కడ చెప్పేది ఆ పద్ధతే.

స్ట్రెయిన్

ఏటీసీసీ (అమెరికాలోని సూక్ష్మజీవుల భాండాగారం) 33277తో మొదలుపెట్టండి. ఇది ఈ జాతికి టైప్ స్ట్రెయిన్, అంటే ప్రామాణిక నమూనా. ఫింబ్రియా (అతుక్కునే సన్నని నూగు) ఉంటాయి, క్యాప్సూల్ (కణం చుట్టూ ఉండే జిగురు తొడుగు) ఉండదు. వీలైతే క్యాప్సూల్ ఉన్న డబ్ల్యూ83ని కూడా చేర్చండి. ఒక్క స్ట్రెయిన్ మీద వచ్చిన ఫలితాన్ని జాతి మొత్తానికి అంటగట్టకూడదు. ఎండబెట్టిన గొట్టం నుంచి లేపినప్పుడు మొదటి కాలనీలకు 5 నుంచి 7 రోజులు పట్టవచ్చు. మూడో రోజున ఏమీ కనిపించలేదని ప్లేటు పారేయకండి. పెరిగాక 15–20 శాతం గ్లిజరాల్‌లో చిన్న చిన్న గొట్టాల్లో మైనస్ 80 డిగ్రీల వద్ద దాచి, ప్రతి ప్రయోగానికీ కొత్త గొట్టం తీయండి.

స్వచ్ఛత ఇలా చూడాలి: గ్రామ్ స్టెయిన్‌లో పొట్టి గ్రామ్ నెగటివ్ కడ్డీలు కనిపించాలి. బ్లడ్ అగర్ మీద కాలనీలు వారం పది రోజుల్లో గోధుమ రంగు నుంచి నలుపుకు మారాలి. పొడవు తరంగాల అతినీల కాంతి కింద ఎర్రగా మెరిస్తే అనుమానించండి. అలా మెరిసేది దీని దాయాది ప్రెవొటెల్లా ఇంటర్మీడియా. జింజివాలిస్ మెరవదు. అన్నిటికంటే తేలికైన పరీక్ష ఇంకొకటి ఉంది. ప్రతిసారీ కొంచెం కల్చర్‌ను మామూలు గాలిలో ఉంచే బ్లడ్ అగర్ మీద గీయండి. అక్కడ ఏం పెరిగినా అది కలుషితమే.

మీడియా

ఈ జీవికి చక్కెరలు పనికిరావు, పెప్టైడ్‌ల మీద బతుకుతుంది. ఇనుమును హీమ్ (రక్తంలో ఇనుమున్న భాగం) రూపంలో లాక్కుంటుంది. అందుకే ముల్లర్ హింటన్ మీద పెరగదు. బ్రాత్ ఇలా కలపండి, లీటరుకు:

ట్రిప్టిక్ సోయ్ బ్రాత్ పొడి 30 గ్రాములు
యీస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 5 గ్రాములు
ఎల్‌-సిస్టీన్ 0.5 గ్రాములు
హీమిన్ ద్రావణం 10 మిల్లీలీటర్లు
విటమిన్ కె1 ద్రావణం 1 మిల్లీలీటరు

హీమిన్ ద్రావణానికి 50 మిల్లీగ్రాముల హీమిన్‌ను 1 మిల్లీలీటరు 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, నీటితో 100 మిల్లీలీటర్లకు పెంచి ఆటోక్లేవ్ చేయాలి. నేరుగా నీటిలో వేస్తే హీమిన్ కరగదు, అడుగున నల్లని మడ్డిగా మిగులుతుంది. విటమిన్ కె1ను 10 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్‌లో 100 మిల్లీగ్రాముల లెక్కన కరిగించి, వాడేముందు స్టెరైల్ నీటితో పది రెట్లు పలచన చేయాలి. రెండూ వెలుతురు తగిలితే పాడవుతాయి. ముదురు గోధుమ రంగు సీసాలో 4 డిగ్రీల వద్ద ఉంచి, నెలకోసారి కొత్తవి చేసుకోండి. ఆటోక్లేవ్ అయి బ్రాత్ చల్లారాకే వీటిని కలపాలి. అప్పుడు మీడియాలో హీమిన్ మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాములు, విటమిన్ కె1 1 మైక్రోగ్రాము ఉంటాయి. కాలనీలు లెక్కించే ప్లేట్లకు బ్రూసెల్లా అగర్‌లో ఇవే కలిపి, అగర్ 45–50 డిగ్రీలకు దిగాక 5 శాతం గొర్రె రక్తం చేర్చండి.

బ్రాత్‌నూ ప్లేట్లనూ వాడే ముందు రోజే ఆక్సిజన్ లేని వాతావరణంలోకి చేర్చి 18–24 గంటలు ఉంచాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన మీడియాలో ఆక్సిజన్ కరిగి ఉంటుంది. ఈ మెట్టు వదిలేస్తే కంట్రోల్ వెల్‌లో కూడా పెరుగుదల రాదు. అప్పుడు ప్లేటంతా తేటగా కనిపించి, మందు అద్భుతంగా పనిచేసిందన్న భ్రమ కలుగుతుంది.

గాలి లేకుండా చేయడం

చాంబర్ ఉంటే నత్రజని 80, హైడ్రోజన్ 10, కార్బన్ డయాక్సైడ్ 10 శాతం మిశ్రమం వాడండి. చాంబర్ లేని చోట గ్యాస్ ప్యాక్ వేసిన జార్‌తోనూ పని జరుగుతుంది, కాకపోతే బల్ల మీద చేసే పనంతా అరగంటలో ముగియాలి. జార్‌లో సూచిక తప్పనిసరి. మిథిలిన్ బ్లూ పట్టీ తెల్లబడాలి. కొన్ని గంటల తర్వాత కూడా నీలంగానే ఉంటే మూత వాషర్‌ను, ప్యాక్ గడువును చూడండి.

పెల్లేడియం ఉత్ప్రేరకం వాడే పాత రకం జార్లలో ఒక చిక్కు ఉంది. జింజివాలిస్ హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది, అది తేమతో కలిసి ఉత్ప్రేరకాన్ని మొద్దుబారుస్తుంది. ప్రతి వాడకం తర్వాత దాన్ని 160 డిగ్రీల పొడి వేడిలో రెండు గంటలు ఉంచి మళ్లీ పనికి తెచ్చుకోవాలి.

ఇలాంటి బ్యాక్టీరియా మీద వాడే యాంటీబయాటిక్ మెట్రోనిడజోల్‌ను పోలిక కోసం ప్రతి ప్లేటులోనూ పెట్టండి. దాని వెనక ఇంకో లాభం ఉంది. ఆ మందు తనంతట తాను విషం కాదు. ఆక్సిజన్ లేనప్పుడే కణం దాన్ని విరిచి విషంగా మారుస్తుంది. జార్ కారుతుంటే దాని ఎంఐసీ అమాంతం పెరుగుతుంది. అంటే మందును పరీక్షిస్తూనే మీ జార్‌నూ పరీక్షించినట్టు. దీంతో పాటు నాణ్యత కోసం బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ ఏటీసీసీ 25285ను నడపండి. అగర్ డైల్యూషన్‌లో మెట్రోనిడజోల్‌కు దాని అంగీకృత హద్దు మిల్లీలీటరుకు 0.25 నుంచి 1 మైక్రోగ్రాము. బ్రాత్‌కు సీఎల్‌ఎస్‌ఐ వేరే పట్టిక ఇస్తుంది, మీ పద్ధతికి సరిపడేదే చూసుకోండి.

పదార్థాలను కరిగించడం

మెట్రోనిడజోల్ శుద్ధమైన పొడిగా కొనండి. మాత్ర నూరి వాడితే పిండి పదార్థాలు కూడా వస్తాయి. సీసా మీద రాసిన శుద్ధతను లెక్కలోకి తీసుకోండి: 98 శాతం అయితే 12.8 మిల్లీగ్రాముల బదులు 13.06 తూయాలి. దాన్ని 10 మిల్లీలీటర్ల నీటిలో కరిగిస్తే మిల్లీలీటరుకు 1280 మైక్రోగ్రాముల స్టాక్ అవుతుంది. అందులో 100 మైక్రోలీటర్లకు 3.9 మిల్లీలీటర్ల బ్రాత్ కలిపితే 32 వస్తుంది. ఇదే మొదటి వెల్‌లో పోసేది.

క్లోర్‌హెక్సిడిన్‌కు దుకాణంలో దొరికే మౌత్‌వాష్ వద్దు. అందులోని రుచులు, కొన్నిటిలో ఆల్కహాల్, ఫలితంలో పాలు పంచుకుంటాయి. 20 శాతం డైగ్లూకోనేట్ ద్రావణం తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో నూరు రెట్లు పలచన చేయండి. అది 0.2 శాతం, అంటే మిల్లీలీటరుకు 2000 మైక్రోగ్రాములు. దానిలో 64 మైక్రోలీటర్లకు 936 మైక్రోలీటర్ల బ్రాత్ చేరిస్తే 128. స్టాక్‌ను సెలైన్‌తో గానీ ఫాస్ఫేట్ బఫర్‌తో గానీ పలచన చేయకండి, తెల్లగా విరిగి అడుగుకు చేరుతుంది. బ్రాత్‌లో రక్తమో సీరమో ఉంటే క్లోర్‌హెక్సిడిన్ ఆ ప్రొటీన్లకు అతుక్కుని ఎంఐసీ ఎక్కువగా కనిపిస్తుంది. పైన రక్తం లేని బ్రాత్ చెప్పడానికి అదొక కారణం. రక్తం లేకపోతే మబ్బు కంటికి సులువుగా ఆనడం రెండో కారణం.

ఆకు, బెరడు, తొక్క సారాలతోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఎండిన సారాన్ని డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుగా కరిగించి, బ్రాత్‌తో యాభై రెట్లు పలచన చేస్తే 2 మిల్లీగ్రాములు, అందులో డీఎంఎస్‌ఓ 2 శాతం. ఇనాక్యులం (వెల్‌లో వేసే బ్యాక్టీరియా ద్రవం) కలిశాక మొదటి వెల్‌లో 1 మిల్లీగ్రాము, డీఎంఎస్‌ఓ 1 శాతం. అంతకు మించనివ్వకండి. సారం లేకుండా అదే డీఎంఎస్‌ఓతో ఒక వరుస విడిగా నడపాలి. ఆ వరుసలో పెరుగుదల తగ్గితే చంపుతున్నది ఆకు కాదు, ద్రావకం.

వడపోత అవసరమైతే 0.22 మైక్రాన్ నైలాన్ లేదా పీటీఎఫ్ఈ పొర వాడండి. సెల్యులోజ్ అసిటేట్ పొరను డీఎంఎస్‌ఓ కరిగిస్తుంది. బ్రాత్‌లో కలిపాక పీహెచ్ చూడండి. ఉసిరి, దానిమ్మ తొక్క సారాలు బ్రాత్‌ను పుల్లగా చేస్తాయి, జింజివాలిస్‌కేమో తటస్థం లేదా కాస్త క్షారం కావాలి. పీహెచ్‌ను 7.2–7.4కు సరిచేయకుండా వచ్చిన ఎంఐసీ ఆమ్లానిది కావచ్చు. టానిన్లు ఎక్కువగా ఉన్న సారాలు ప్రొటీన్లనూ ఇనుమునూ పట్టేసుకుంటాయి. అప్పుడు బ్యాక్టీరియా మందు వల్ల కాక ఆకలితో ఆగిపోతుంది. అనుమానం వస్తే హీమిన్ రెట్టింపు వేసిన బ్రాత్‌లో మళ్లీ నడపండి. ఎంఐసీ పైకి జరిగితే కారణం దొరికినట్టే.

లవంగ నూనెను ఎప్పుడూ వేరే ప్లేటులో పెట్టండి. అందులోని యూజినాల్ ఆవిరి పక్క వెల్‌లలోకి చేరి, ఏ మందూ లేని కంట్రోల్‌నూ అణచివేస్తుంది. నూనె కలవడానికి పాలీసార్బేట్ 80 అర శాతం దాటకుండా వేయండి, దానికీ విడిగా కంట్రోల్ వరుస ఉండాలి.

ఇనాక్యులం

బ్లడ్ అగర్ మీద 3 నుంచి 5 రోజుల కాలనీలను 5 మిల్లీలీటర్ల బ్రాత్‌లో వేసి, 37 డిగ్రీల వద్ద 24–36 గంటలు పెంచండి. దాన్ని పదింట ఒక వంతుగా కొత్త బ్రాత్‌లోకి మార్చి, 600 నానోమీటర్ల వద్ద సాంద్రత 0.6 దరిదాపులకు వచ్చినప్పుడు వాడండి. పాత కల్చర్‌లో చచ్చిన కణాలు కూడా మబ్బులో లెక్కకొస్తాయి, కాబట్టి కంటికి చిక్కగా ఉన్నా బతికున్నవి తక్కువ.

ఆ కల్చర్‌ను 0.5 మెక్‌ఫార్లాండ్‌కు (మబ్బుతనం కొలిచే ప్రమాణం) సరిచేస్తే మిల్లీలీటరుకు సుమారు 15 కోట్ల కణాలు అనే అంచనా ఈ.కోలైది. మీ స్ట్రెయిన్‌కు, మీ పరికరానికి ఒక్కసారి ప్లేటు లెక్కతో సరిచూసుకోండి. అంచనా సరిపోతే 200 మైక్రోలీటర్లను 14.8 మిల్లీలీటర్ల బ్రాత్‌లో కలపండి. ఇది 75 రెట్ల పలచన, మిల్లీలీటరుకు 20 లక్షలు. వెల్‌లో సగం సగం కలిశాక 10 లక్షలవుతుంది. అదే లక్ష్యం.

ప్లేటు నింపడం

1. 2 నుంచి 12వ నిలువు వరుస దాకా అన్ని వెల్‌లలో 100 మైక్రోలీటర్ల బ్రాత్ పోయండి.
2. 1వ వరుసలో రెట్టింపు గాఢత ఉన్న పదార్థం 200 మైక్రోలీటర్లు: మెట్రోనిడజోల్ 32, క్లోర్‌హెక్సిడిన్ 128 మైక్రోగ్రాములు, సారం 2 మిల్లీగ్రాములు.
3. 1 నుంచి 100 మైక్రోలీటర్లు తీసి 2లో కలిపి, 2 నుంచి 3కు, అలా 10 దాకా. 10 నుంచి తీసిన 100 పారేయండి. ప్రతి మెట్టుకూ టిప్ మార్చండి. మార్చకపోతే గోడకంటిన మందు చివరి వెల్‌ల దాకా వెళ్తుంది.
4. 1 నుంచి 11 దాకా 100 మైక్రోలీటర్ల ఇనాక్యులం. 11లో మందు లేదు, అది పెరుగుదల కంట్రోల్. 12లో బ్రాత్ మాత్రమే, అది స్టెరిలిటీ కంట్రోల్.
5. ఒక అడ్డు వరుసలో సారం ఉండి బ్యాక్టీరియా లేకుండా నింపండి. రంగు సారాలకు ఇది లేకపోతే చదవడం అసాధ్యం.
6. వెంటనే 11వ వరుస నుంచి 10 మైక్రోలీటర్లు తీసి 10 మిల్లీలీటర్ల బ్రాత్‌లో కలిపి, అందులో 100 మైక్రోలీటర్లు బ్లడ్ అగర్ మీద పరచండి. వారం తర్వాత సుమారు 100 కాలనీలు ఉంటే ఇనాక్యులం సరైనది. 20 లోపు గానీ 500 పైన గానీ వస్తే ఆ రోజు ప్లేటు లెక్కలోకి రాదు.

ఇలా నింపితే మెట్రోనిడజోల్ 16 నుంచి 0.03 దాకా, క్లోర్‌హెక్సిడిన్ 64 నుంచి 0.125 దాకా చూసినట్టవుతుంది. ప్లేటు కింద తడి గుడ్డ పెట్టి, 37 డిగ్రీల వద్ద 48 గంటలు తెరవకుండా ఉంచండి.

చదవడం

ముందు 11వ వరుస చూడండి. అడుగున మబ్బు స్పష్టంగా లేకపోతే ఇంకో 24 గంటలు ఉంచి, 72 గంటలని నోటులో రాసుకోండి. అప్పటికీ పెరగకపోతే మొత్తం రద్దు. మందు వెల్‌లను ఒంటరిగా చూసి ఏదీ తేల్చకండి. మబ్బు కనిపించని అతి తక్కువ గాఢతే ఎంఐసీ. మధ్యలో ఒక వెల్ తేటగా ఉండి, దానికంటే ఎక్కువ గాఢతలో పెరుగుదల కనిపిస్తే పిపెట్ తప్పు లేదా కాలుష్యం. ఆ వరుసను మళ్లీ చేయాల్సిందే.

రెజజురిన్ కలిపి రంగు చూసే పద్ధతి గాలిలో పెరిగే బ్యాక్టీరియాకు బాగా కుదురుతుంది. ఇక్కడ కుదరదు. సిస్టీన్ ఉండి ఆక్సిజన్ లేని బ్రాత్ తానే ఆ రంగును గులాబీకి, ఆపైన రంగులేని స్థితికి దించేస్తుంది, బ్యాక్టీరియా బతికున్నా చచ్చినా ఒకటే. ముదురు సారాలకు సరైన దారి ప్రతి వెల్ నుంచి 10 మైక్రోలీటర్లు బ్లడ్ అగర్ మీద చుక్క పెట్టి, వారం చూడటం.

ఎంబీసీ, అందులో క్లోర్‌హెక్సిడిన్ చిక్కు

99.9 శాతం చావడం ఎంబీసీకి గుర్తు. 10 లక్షల నుంచి మొదలైతే 1000 మిగలాలి, అంటే 10 మైక్రోలీటర్లకు 10 కాలనీలు. తేట వెల్‌ల నుంచి 20 మైక్రోలీటర్లు తీసి 180 మైక్రోలీటర్ల న్యూట్రలైజర్‌లో (మందు పనిని ఆపేసే ద్రావణం) కలిపి, 5 నిమిషాలాగి, 100 మైక్రోలీటర్లు పరచండి. అది సరిగ్గా వెల్‌లోని 10 మైక్రోలీటర్లకు సమానం. 10 లేదా అంతకంటే తక్కువ కాలనీలిచ్చిన అతి తక్కువ గాఢత ఎంబీసీ. ఇక్కడ ఇనాక్యులం ప్లేటులో నిజంగా వచ్చిన లెక్కతో హద్దును సరిచేసుకోవాలి.

న్యూట్రలైజర్‌గా పాలీసార్బేట్ 80 3 శాతం, లెసిథిన్ 0.3 శాతం కలిపిన బ్రాత్ వాడండి. ఇది లేకపోతే వెల్‌లోని క్లోర్‌హెక్సిడిన్ ప్లేటు మీదికీ వచ్చి, బతికున్న కణాలను అక్కడ పెరగనివ్వదు. మీరు ‘చంపింది’ అని రాస్తారు, నిజానికి ఆపింది మాత్రమే. న్యూట్రలైజర్‌ను నమ్మే ముందు రెండు పరీక్షలు: అది ఒక్కటే బ్యాక్టీరియాను తగ్గించకూడదు, క్లోర్‌హెక్సిడిన్‌తో ముందే కలిపి ఆపైన 100 కణాలు వేస్తే దాదాపు అన్నీ పెరగాలి.

నోట్లో దీనికి అర్థం ఎంత

ఎంఐసీ 48 గంటల స్పర్శకు సంబంధించిన సంఖ్య. మౌత్‌వాష్ నోట్లో ఉండేది అర నిమిషం, నిమిషం. 5 మిల్లీమీటర్ల పాకెట్ (జబ్బు వల్ల పంటికీ చిగురుకూ మధ్య ఏర్పడే లోతు సందు) లోని ద్రవం గంటకు సుమారు 40 సార్లు మారిపోతుందని గుడ్‌సన్ అనే పరిశోధకుడు లెక్క కట్టాడు. అంటే పోసిన మందు నిమిషాల్లో కడుక్కుపోతుంది. అందుకే పుక్కిలించే పదార్థానికి టైమ్ కిల్ పరీక్ష తప్పనిసరి. కోటి కణాలను నోట్లో వాడే గాఢతలోనే కలిపి 30 సెకన్లు, 1, 5, 10 నిమిషాలకు తీసి, న్యూట్రలైజర్‌లో ఆపి లెక్కించాలి.

పాచిలోని బ్యాక్టీరియా తేలుతూ ఉండదు, పొర కట్టుకుని ఉంటుంది. పొరలోని కణాలు మందును ఎంతో ఎక్కువ తట్టుకుంటాయి. జింజివాలిస్ ఒక్కటే గట్టి పొర కట్టదు. స్ట్రెప్టోకాకస్ గార్డోని, ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటమ్ (ఏటీసీసీ 25586) పక్కన ఉంటే కడుతుంది. లాలాజలం పూసిన హైడ్రాక్సీఅపటైట్ (పంటిలో ఉండే ఖనిజం) బిళ్ల మీద మూడు నాలుగు రోజులు పొర పెంచి, మందు పెట్టి, కదిలించి విడదీసి కాలనీలు లెక్కించండి. క్రిస్టల్ వయొలెట్ చచ్చిన కణాలనూ జిగురునూ కూడా రంగేస్తుంది, కాబట్టి ఎంతమంది చచ్చారో దానితో తేలదు.

చిగుళ్ల జబ్బుకే చెందిన మరో బ్యాక్టీరియా అగ్రిగేటిబాక్టర్ ఆక్టినోమైసిటెమ్‌కొమిటాన్స్‌ను చేర్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అది 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో పెరిగేది. మెట్రోనిడజోల్ ఒక్కటే దాని మీద బలహీనం. అందుకే చికిత్సలో అమాక్సిసిలిన్‌తో కలిపి ఇస్తారు. జింజివాలిస్ సంఖ్యను దానికి వాడకూడదు.

రాసేటప్పుడు

ఒకే ప్లేటులోని మూడు వెల్‌లు మూడు ప్రయోగాలు కావు. మూడు వేర్వేరు రోజులు, మూడు కొత్త కల్చర్‌లు కావాలి. ఎంఐసీ రెట్టింపుల మెట్ల మీద నడుస్తుంది కాబట్టి సగటు ప్లస్ మైనస్ విచలనం ఇవ్వడం సరికాదు. మధ్యగతం, వ్యాప్తి ఇవ్వండి. ఒక మెట్టు తేడా పద్ధతిలోనే ఉంటుంది: 0.25, 0.5 వస్తే వాటిని వేరు చేసి కథలల్లకండి. సారం ఎంఐసీని మిల్లీగ్రాముల్లో, క్లోర్‌హెక్సిడిన్‌ది మైక్రోగ్రాముల్లో రాసి పక్కన పెడితే చదివేవాళ్లు వెయ్యి రెట్ల తేడాను గమనించరు. రెండిటికీ ఒకే ప్రమాణం వాడండి. క్లోర్‌హెక్సిడిన్‌కు గానీ ఆకు సారాలకు గానీ ‘సున్నితం, నిరోధకం’ అనే ప్రామాణిక హద్దులు లేవు, ఆ మాటలు మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయాటిక్‌లకే. సీఎల్‌ఎస్‌ఐ ప్రకారం ఆక్సిజన్ ఉంటే పెరగని బ్యాక్టీరియాలో మెట్రోనిడజోల్‌కు 8 మైక్రోగ్రాములు లేదా తక్కువైతే సున్నితం, 32 లేదా ఎక్కువైతే నిరోధకం.

జింజివాలిస్ రెండో స్థాయి భద్రత అవసరమైన జీవి. బయో సేఫ్టీ క్యాబినెట్‌లో తెరవండి, నోటితో పిపెట్ లాగవద్దు. వాడిన ప్లేట్లు, టిప్‌లు, జార్ లోపలి తడి గుడ్డ, అన్నీ 121 డిగ్రీల వద్ద కనీసం అరగంట ఆటోక్లేవ్ చేశాకే బయటికి పోవాలి.